ఇల్లు మారేటప్పుడు పిల్లి బెదరకుండా చూసుకోవడం ఎలా

ఇల్లు మారడం మనకు సామాను సర్దుకునే పని. పిల్లికి మాత్రం అది తాను ఎరిగిన లోకమంతా ఒక్క పూటలో మాయమైపోవడం. కుక్క తన మనుషులు పక్కనుంటే కొత్త చోటనైనా త్వరగా కుదురుకుంటుంది గాని, పిల్లి ధైర్యం చాలావరకు చోటును బట్టి ఉంటుంది. తలుపు అంచుకు, మంచం కోడుకు, మన కాళ్లకు అది చెంపలు రాసుకుంటూ తిరుగుతుంటే గారాబం పోతోందని మురిసిపోతాం. నిజానికి దాని చెంపల్లోనూ గడ్డం కిందా ఉన్న గ్రంథుల నుంచి వచ్చే వాసనను అది ఆ వస్తువులకు అంటిస్తుంది. మళ్లీ ఆ దారిన వెళ్లినప్పుడు ఆ వాసన తగిలితే ఇక్కడ భయం లేదని దానికి తెలుస్తుంది. మన ముక్కుకు అందని ఆ గుర్తులేవీ కొత్త ఇంట్లో ఉండవు. పైగా కొత్త రంగుల వాసన, ఫినాయిలు వాసన, అంతకుముందు ఆ ఇంట్లో కాపురమున్నవాళ్ల వాసన అక్కడ నిండి ఉంటాయి. కాబట్టి పాత ఇంటి వాసనను పిల్లికంటే ముందుగా కొత్త ఇంటికి చేర్చడం, ఆ తర్వాత కొత్త ఇంటిని ఒక్కో గదిగా దానికి పరిచయం చేయడం అనే రెండు పనులు సక్రమంగా జరిగితే, మిగతా జాగ్రత్తలు చాలావరకు వాటంతటవే అమరుతాయి.

మన చిత్తూరు, తిరుపతి వైపు ఇల్లు మారే రోజు ఉన్నట్టుండి నిర్ణయమయ్యేది కాదు. ఆషాఢంలో మారము, మూఢంలో మారము, మంచి రోజు చూసుకొని, పిల్లల బడి సెలవులు చూసుకొని, బాడుగ ఇల్లయితే యజమానికి ముందే చెప్పి మారతాము. ఆ వ్యవధిలో కనీసం రెండు మూడు వారాలను పిల్లి కోసం వాడుకోవచ్చు.

ముందుగా పెట్టెను అలవాటు చేయండి

పిల్లిని తీసుకెళ్లడానికి క్యారియర్ పేరుతో దుకాణాల్లో అమ్మే గట్టి ప్లాస్టిక్ పెట్టె కావాలి. అట్టపెట్టెను బెదిరిన పిల్లి గోళ్లతో చీల్చుకొని బయటపడుతుంది. కూరగాయల బుట్టకు తువ్వాలు కట్టి తీసుకెళ్లినా అంతే. గోనెసంచిలో వేసి మూతి కట్టడమనే పద్ధతి పిల్లిని ఊరు దాటించి వదిలేసేవాళ్లది. పెంచుకునేవాళ్లు ఆ పని చేయకూడదు. పిల్లి నిలబడడానికి, వెనక్కి తిరగడానికి, ముడుచుకొని పడుకోవడానికి చాలినంత పెట్టెను, పైమూత విడదీయడానికి వీలున్నదాన్ని కొనండి. పైమూత ఊడేదైతే ఆసుపత్రిలోనూ పనికొస్తుంది. పిల్లిని చెయ్యిపెట్టి బయటికి లాగకుండా, అడుగుభాగంలో కూర్చోబెట్టే డాక్టరు పరీక్ష చేయవచ్చు.

చాలా ఇళ్లలో ఈ పెట్టె అటక మీద ఉంటుంది, సూది మందు వేయించే రోజున మాత్రమే కిందికి దిగుతుంది. అందుకే దాన్ని దించిన చప్పుడు వినగానే పిల్లి మంచం కిందికి దూరుతుంది. ఇల్లు మారడానికి మూడు వారాల ముందే పెట్టెను దించి, దుమ్ము తుడిచి, తలుపు ఊడదీసి, పిల్లి రోజూ పడుకునే మూలలో ఉంచండి. అది పడుకునే పాతచీర ముక్కను గాని దుప్పటిని గాని ఉతకకుండా లోపల పరచండి. మొదట తిండిగిన్నెను పెట్టె పక్కన, తర్వాత పెట్టె గుమ్మంలో, ఆ తర్వాత లోపలి చివరన పెడుతూ రండి. లోపల నిశ్చింతగా తినడం మొదలుపెట్టాక తలుపు బిగించి, అది తింటున్నంతసేపు మూసి, తినగానే తెరవండి. ఆపైన మూసిన పెట్టెను ఎత్తి ఒక గది నుంచి ఇంకో గదికి నడవండి. ఎత్తేటప్పుడు పిడి పట్టుకొని ఊపుకుంటూ నడవకూడదు; రెండు చేతులతో అడుగున పట్టుకొని కడుపుకు ఆనించుకుంటే లోపలున్నదానికి కుదుపు తగలదు. ఈ అలవాటు మీద పెట్టిన శ్రమ ప్రయాణం రోజున ఎన్నో రెట్లుగా తిరిగి వస్తుంది గనుక, ఈ వ్యాసంలో మరేది వదిలేసినా దీన్ని వదలవద్దు.

డాక్టరు వద్ద తేల్చుకోవలసినవి

ఇల్లు మారే ముందు ఒకసారి పశువుల డాక్టరుకు చూపించడం అవసరం. తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. విశ్వవిద్యాలయం 2005లో ఏర్పడినా, అందులో భాగమైన ఇక్కడి పశువైద్య కళాశాల 1955 నాటిది. చిత్తూరు నుంచి తిరుపతికి మారేవారికి, అంతకుముందు దూరమని వాయిదా వేసుకున్న పరీక్షలు చేయించుకోవడానికి ఇది మంచి అవకాశం. రేబిస్ టీకా గడువు చూసుకోండి, టీకాల కార్డును సామాను మూటల్లో కలిపేయకుండా చేతిసంచిలో పెట్టుకోండి. తప్పిపోయిన పిల్లి ఎవరిదో తెలుసుకోవడానికి పనికొచ్చే మైక్రోచిప్ వేయించే ఆలోచన ఉంటే ఇదే సమయం. బియ్యపుగింజంత ఉండే ఆ చిప్‌ను భుజాల మధ్య చర్మం కింద సూదితో ఎక్కిస్తారు. అందులో 15 అంకెల సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యకు ఎదురుగా మీ కొత్త చిరునామా, ఫోను నంబరు నమోదై ఉంటేనే దానివల్ల ప్రయోజనం. మెడపట్టీ కడితే, కొమ్మకో గ్రిల్లుకో తగులుకున్నప్పుడు లాగితే దానంతటది ఊడిపోయే రకం కట్టండి.

ప్రయాణమంటే నురగలు కక్కేంతగా బెదిరిపోయే పిల్లులకు డాక్టర్లు గాబాపెంటిన్ వంటి మందు రాస్తారు. ప్రయాణానికి సుమారు రెండు గంటల ముందు ఇచ్చే ఆ మందును, ఇల్లు మారే రోజున మొదటిసారి కాకుండా, అంతకు ముందే ఒకనాడు ఇంట్లో ఇచ్చి ఎలా పనిచేస్తుందో చూడడం మంచిది. మోతాదు పిల్లి బరువును బట్టి డాక్టరే చెప్పాలి. మనుషుల మందులపెట్టెలోంచి ఏదీ తీసి ఇవ్వకూడదు. ముఖ్యంగా పారాసెటమాల్ ఒక్క బిళ్లతోనే పిల్లి చనిపోవచ్చు.

పిల్లి చెంప వాసనను పోలిన పదార్థాన్ని కృత్రిమంగా తయారుచేసి ఫెలివే అనే పేరుతో అమ్ముతున్నారు. ప్లగ్గులో పెట్టేది ఒక రకం, పెట్టెలో చల్లేది ఇంకో రకం. చల్లేదాన్ని పిల్లి పెట్టెలోకి వెళ్లడానికి పావుగంట ముందు చల్లాలి. లేకపోతే అందులోని ఆల్కహాల్ వాసనే ముందుగా దాని ముక్కుకు కొడుతుంది. కొన్ని పిల్లులకు దీనితో మేలు కనిపిస్తుంది, కొన్నింటిలో ఏ తేడా ఉండదు. డబ్బు పెట్టే ముందు ఖర్చులేని పద్ధతిని చేసి చూడమంటాను. శుభ్రమైన మెత్తని నూలుగుడ్డతో రోజూ పిల్లి చెంపలను నిమిరి, ఆ గుడ్డను కొత్త ఇంటికి వెళ్లినప్పుడల్లా తీసుకెళ్లి, పిల్లి ముఖమంత ఎత్తులో తలుపు అంచులకు, గోడ మూలలకు, బీరువా కాళ్లకు రుద్దండి. చూసేవాళ్లు నవ్వుకుంటారు, నవ్వనివ్వండి.

సామాను సర్దే రోజులు

అట్టపెట్టెలన్నీ ఒకే రోజు తెచ్చి కుప్పపోయకుండా కొద్దికొద్దిగా తెచ్చి, పిల్లిని వాటిచుట్టూ తిరగనివ్వండి, లోపల కూర్చోనివ్వండి. అది పడుకునే మూలను మాత్రం చివరిదాకా కదిలించకండి. తిండి పెట్టే వేళలు మారనివ్వకండి. చాలామంది ఇల్లు మారుతున్నామని దాని దుప్పటిని శుభ్రంగా ఉతికి, ఎండలో ఆరేసి, మడతపెట్టి తీసుకెళ్తారు; పాత ఇంటి నుంచి పిల్లికి మిగిలేది ఆ వాసన ఒక్కటే కనుక, ఉతకడం ఒక నెల ఆగవచ్చు.

లారీయో టాటా ఏసో వచ్చే రోజున ఇంటి తలుపులన్నీ బార్లా తెరిచి ఉంటాయి. పిల్లులు తప్పిపోయేది ఎక్కువగా ఆ రెండు మూడు గంటల్లోనే. సామాను ఎత్తేవాళ్లు రాకముందే పిల్లిని, దాని పెట్టెను, నీళ్లను, మలమూత్రాలకు వాడే ఇసుక తొట్టిని ముందుగా ఖాళీ చేసిన ఒక గదిలో ఉంచి, గడియ పెట్టి, తలుపు మీద కాగితం అంటించండి. మన ఊళ్లలో సామాను ఎత్తడానికి వచ్చేవాళ్లలో తమిళం మాట్లాడేవాళ్లూ హిందీ మాట్లాడేవాళ్లూ ఉంటారు కాబట్టి, లోపల పిల్లి ఉంది, తలుపు తీయవద్దు అన్న మాటను మూడు భాషల్లో రాయడంతో సరిపెట్టక నోటితో కూడా చెప్పండి. ఆ గది తాళం ఒకే మనిషి దగ్గర ఉండాలి. అందరూ చూసుకుంటారులే అనుకున్నప్పుడే ఎవరూ చూడరు.

గృహప్రవేశం నాడు పిల్లి అక్కడ ఉండకూడదు

సొంత ఇల్లయితే హోమం పొగ, వాయిద్యాలు, గడప ముందు కొట్టే గుమ్మడికాయ, బంధువుల రాకపోకలు, అన్నిటికీ మించి ఇంట్లోకి నడిపించే ఆవూ దూడా ఉంటాయి. ఇవన్నీ మనకు శుభం గాని, పిల్లికి భయంకరం. ఇంట్లో అవ్వా తాతా ఉంటే, శుభకార్యం వేళ పిల్లి ఎదురు రాకూడదని వాళ్లే ముందుగా అంటారు. ఆ విషయంలో వాళ్లతో వాదన అక్కర్లేదు; ముహూర్తానికి మనుషులు వెళ్లి పాలు పొంగించుకొని, భోజనాలు ముగిసి, బంధువులు వెళ్లిపోయి, ఇల్లు సద్దుమణిగాక ఆ సాయంత్రమో మర్నాడో పిల్లిని తీసుకువస్తే శాస్త్రానికీ లోటుండదు, పిల్లికీ మేలు జరుగుతుంది. పొంగించిన పాలలో ఒక గిన్నెడు దానికి పోయాలనే ముచ్చట కూడా మానుకోవడం మంచిది. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, ప్రయాణపు అలసటకు విరేచనాలు తోడవుతాయి.

ఇల్లు కడిగే విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ఫినాయిలులో ఉండే ఫినాల్ జాతి పదార్థాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తడినేల మీద నడిచి, ఆ పాదాలను నాకి శుభ్రం చేసుకోవడంతో విషం నేరుగా కడుపులోకి పోతుంది. పిల్లి వచ్చే గదిని సబ్బునీళ్లతో తుడిచి, మంచినీళ్లతో మళ్లీ తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. హారతి కర్పూరం బిళ్లలు, బట్టల మూటల్లోంచి రాలే కలరా ఉండలు, నీలగిరి తైలం కూడా దానికి విషాలే. మూటలు విప్పేటప్పుడు మంచం కిందికి దొర్లిన కలరా ఉండను ఎవరూ గమనించరు గనుక, ఆ గదిలో బట్టల మూటలు విప్పకపోవడమే ఉత్తమం.

ప్రయాణం

చిత్తూరు నుంచి తిరుపతికి పూతలపట్టు, చంద్రగిరి మీదుగా సుమారు 70 కిలోమీటర్లు. తిరుపతిలోనే బైరాగిపట్టెడ నుంచి కొర్లగుంటకు మారినా, చిత్తూరు గ్రీమ్స్‌పేట నుంచి తిరుపతికి మారినా, పిల్లికి సంబంధించినంతవరకు జాగ్రత్తలు ఒకటే. బయలుదేరడానికి మూడు నాలుగు గంటల ముందు తిండి ఆపండి, నీళ్లు ఆపకండి. సామాను బండిలో పిల్లిని ఎక్కించవద్దు. అది మనుషులున్న బండిలోనే ప్రయాణించాలి. కారులో అయితే పెట్టెను ముందు సీటు వెనక నేల మీద కదలకుండా పెట్టండి. ఆటోలో అయితే ఒడిలో పెట్టుకొని రెండు చేతులతో పట్టుకోండి. తలుపు గడి కుదుపుకు ఊడకుండా తాడుతో ఒక ముడి వేయండి. ద్విచక్ర వాహనం మీద, ఎంత దగ్గరైనా సరే, వద్దనే చెబుతాను.

పెట్టె మీద పలుచని నూలు తువ్వాలు కప్పితే దానికి బయటి రద్దీ కనబడదు. గాలి ఆడేందుకు ఒక పక్క తెరిచి ఉంచాలి. పిల్లి అరుస్తుంది. ఊరు దాటేదాకా అరిచేవీ ఉంటాయి, చేరేదాకా అరిచేవీ ఉంటాయి. మెల్లగా మాట్లాడండి గాని, పాపం అనుకొని పెట్టె తలుపు మాత్రం తెరవకండి.

తిరుపతిలో మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. వేసవిలో మారవలసి వస్తే తెల్లవారుజామున బయలుదేరాలి, కారును ముందే చల్లబరచాలి, టిఫిను కోసం ఆగినా ఒకరు పిల్లి దగ్గరే ఉండాలి. నీడలో ఆపిన కారు కూడా కాసేపటికి కొలిమి అవుతుంది. పిల్లి కుక్కలాగా నోరు తెరిచి రొప్పుతుంటే అది మామూలు విషయం కాదు. వెంటనే చల్లని చోటికి చేర్చి, పాదాలకూ చెవులకూ మామూలు నీళ్ల తడి అద్ది, తగ్గకపోతే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

మొదటి గది

కొత్త ఇంట్లో పిల్లికి ముందుగా ఒక్క గది చాలు. హాలు, వంటిల్లు పనికిరావు; మనుషుల రాకపోకలు తక్కువగా ఉండి తలుపు సరిగ్గా పడే పడకగది అయితే మంచిది. పిల్లి రాకముందే మీరు నేల మీద కూర్చొని, దాని ఎత్తు నుంచి గదిని చూడండి. కిటికీ గ్రిల్లులో దాని తల దూరే సందు ఉంటే శరీరమంతా దూరుతుంది, కాబట్టి దోమల మెష్ గట్టిగా బిగించండి. స్నానాల గది వెంటిలేటరులో అద్దం పలక ఊడి ఉందేమో చూడండి. అటకకు తలుపు లేకపోతే అట్టతో మూయండి. బెదిరిన పిల్లి అక్కడికి ఎక్కితే దించడం పెద్ద పనవుతుంది.

ఒక పక్క తిండి, నీళ్లు. వాటికి దూరంగా ఎదుటి మూలలో ఇసుక తొట్టి. మధ్యలో ఉతకని దుప్పటి, దాని పెట్టె, దాక్కోవడానికి పక్కకు పడుకోబెట్టిన అట్టపెట్టె ఉంచండి. తొట్టిలో ఇంతకుముందు వాడిన ఇసుకనే, పాతదాంట్లోంచి ఒక గుప్పెడు కలిపి వాడండి. దాక్కునే చోటు ఇవ్వడం పిల్లిని పిరికిదాన్ని చేస్తుందని కొందరంటారు. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం వారు ఆశ్రయ కేంద్రానికి కొత్తగా వచ్చిన పిల్లుల మీద చేసి 2014లో ప్రచురించిన పరిశీలనలో, దాక్కోవడానికి పెట్టె దొరికిన పిల్లులు దొరకనివాటికంటే త్వరగా కుదుటపడ్డాయి. కనబడకుండా ఉండి చుట్టూ చూడగలగడమే దానికి ధైర్యాన్నిస్తుంది.

తలుపు మూసి, పెట్టె తలుపు తెరిచి, మీరు ఒక పక్కగా నేల మీద కూర్చోండి. పిలవకండి, చేయి చాచకండి. మా పిల్లి కొత్త గదిలో మొదట పెట్టెలోంచి ముక్కు మాత్రం బయటపెట్టింది. మీసాలు ముందుకు వంగాయి, చెవులు రెండూ రెండు దిక్కులకు తిరిగాయి. ఒక పాదం నేలకు తాకించి వెనక్కి తీసుకుంది. పైకప్పున ఫ్యాను కిర్రుమనగానే పొట్ట నేలకు ఆనించి బీరువా వెనకకు పాకింది. దాన్ని అక్కడే వదిలేశాము. రాత్రి దీపాలు ఆరాక గిన్నెలో గింజలు కొరుకుతున్న చప్పుడు వినిపించింది. ఆ సమయంలో లేచి దీపం వేయాలనిపిస్తుంది, వేయకూడదు.

తరువాతి తలుపు ఎప్పుడు తెరవాలని చాలామంది రోజుల లెక్క అడుగుతారు. కొన్ని పిల్లులకు రెండు రోజులు చాలు, కొన్నింటికి రెండు వారాలు పడుతుంది, అందుచేత నేను చెంపను చూడమంటాను. తిండి తింటూ, తొట్టి వాడుతూ, తోక పైకెత్తి నడుస్తూ, తలుపు అంచుకో మంచం కోడుకో తనంతట తాను చెంప రాసిందంటే ఆ గది దానిదైంది. అప్పుడు పక్క గది తలుపును ఇంట్లో సందడి లేని వేళ తెరిచి, మొదటి గది తలుపును కూడా తెరిచే ఉంచండి. బెదిరితే పరుగెత్తి చేరడానికి తెలిసిన చోటు ఒకటి ఉండాలి. రెండు పిల్లులుంటే మూడు తొట్లు పెట్టండి. పాత ఇంట్లో కలిసి పడుకున్న పిల్లులు సైతం ఈ హడావిడిలో ఒకదాన్నొకటి చూసి బుసకొట్టవచ్చు. అలాంటప్పుడు వేరువేరు గదుల్లో ఉంచి, దుప్పట్లు మార్చి మార్చి వేస్తూ కలపాలి.

తొట్టి బయట మూత్రం పోస్తే కొట్టడం, ముక్కు రుద్దడం దాని భయాన్ని పెంచుతాయి తప్ప పని జరగదు. సబ్బునీళ్లతో కడిగి, తొట్టిని మరింత చాటుగా ఉన్న చోటికి మార్చండి.

ఆగకూడని సమయాలు

మొదటి రాత్రి తినకపోవడం సహజం. ఒక పూర్తి రోజు గడిచినా ఏమీ ముట్టకపోతే డాక్టరుకు ఫోను చేయండి. రెండు మూడు రోజులు తిండి మానిన పిల్లికి, ముఖ్యంగా లావుగా ఉన్నదానికి, ఒంట్లోని కొవ్వు కాలేయంలో పేరుకుపోయి ప్రాణం మీదికి వస్తుంది. మగపిల్లి మాటిమాటికీ తొట్టిలోకి వెళ్లి ముక్కుతూ, ఒకటి రెండు చుక్కలు కూడా రాక అరుస్తుంటే మూత్రనాళం మూసుకుపోయి ఉండవచ్చు. బెదురు వల్ల మూత్రాశయం వాచే పిల్లుల్లో ఇది జరుగుతుంది. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, తెల్లవారేదాకా ఆగరాదు.

బయటికి వదలడం

అపార్టుమెంటులో ఉండే పిల్లికి ఈ సమస్య లేదు, బాల్కనీకి వల కడితే చాలు. పాత ఇంట్లో బయట తిరగడం అలవాటైన పిల్లిని మాత్రం కనీసం మూడు వారాలు లోపలే ఉంచాలి. కొండ వారన ఉన్న వీధుల్లో కోతులు, అన్ని వీధుల్లోనూ కుక్కలు ఉన్నాయి. ఎటు పరుగెత్తాలో తెలియకముందే వాటికి ఎదురుపడకూడదు. మొదటిసారి రాత్రి తిండికి ముందు, ఆకలి మీద ఉన్నప్పుడు, తలుపు తెరిచి మీరు గడపలోనే కూర్చోండి. కాసేపటికి గిన్నె చప్పుడు చేసి పిలిచి, లోపల తిండి పెట్టి తలుపు వేయండి.

ఒకే ఊళ్లో మారితే పాత ఇంటికి వెతుక్కుంటూ వెళ్లే పిల్లులుంటాయి. ఆ ఇంట్లో కొత్తగా చేరినవాళ్లకు, పక్కింటివాళ్లకు పిల్లి ఫొటో, మీ నంబరు ఇచ్చి, జాలిపడి అన్నం పెట్టవద్దని, కనబడగానే ఫోను చేయమని అడగండి. కొత్త ఇంటి నుంచే తప్పిపోతే మొదట దూరం వెళ్లి వెతకకండి. తెలియని చోట బెదిరిన పిల్లి ఎక్కువగా నాలుగైదు ఇళ్ల లోపే, మెట్ల కింద, మిద్దె మీద నీళ్ల ట్యాంకు చాటున, ఆగి ఉన్న బండ్ల అడుగున నక్కి ఉంటుంది, పిలిచినా పలకదు. వీధి సద్దుమణిగాక టార్చిలైటు నేలబారుగా వేసి వెతకండి, వెలుతురుకు కళ్లు మెరుస్తాయి. దాని ఉతకని దుప్పటిని గుమ్మం పక్కన పరచి, తలుపు ఓరగా తెరిచి, ఇంట్లో ఒకరు మేలుకొని ఉండండి.